వాలు నేల మీద హెలికాప్టర్‌ను దించడం, లేపడం: మెరక స్కిడ్ నుంచి మొదలుపెట్టి వరుసగా

నల్గొండ, పాలమూరు వైపు నిజంగా చదునైన నేల దొరకడం కష్టం. చెలక చూడటానికి చదునుగానే ఉంటుంది. వాన పడి నీళ్లు ఒక మూలకు చేరితే గానీ అది ఎటు వాలిందో తెలియదు. గుట్టల పక్క అయితే చెప్పనక్కరలేదు.

ఈ విషయం మీద నన్ను రెండు రకాల మనుషులు అడుగుతుంటారు. హెలికాప్టర్ లైసెన్స్ శిక్షణలో ఉన్న మన పిల్లలు ఒకరు. తాత్కాలిక హెలిప్యాడ్ తయారుచేసే పని హఠాత్తుగా నెత్తిన పడ్డ ఉద్యోగులు మరొకరు. ఒక్కొక్కరికి ఫోన్లో సగం సగం చెప్పడం కంటే మొత్తం ఒకచోట రాస్తే నయమనిపించింది.

ఒక మాట ముందే చెప్పాలి. ఇది చదివి ఒంటరిగా ప్రయత్నించే పని కాదు. పక్కన ఇన్‌స్ట్రక్టర్ ఉండాలి. మీ హెలికాప్టర్ ఫ్లైట్ మాన్యువల్‌లో వాలు పరిమితి అంకె ఉంటే అదే చివరి మాట. ఇక్కడి అంకెలు దానికి లోబడినవే.

1. అసలు ప్రమాదం ఎక్కడుంది

గాల్లో ఉన్న హెలికాప్టర్ తన బరువు కేంద్రం చుట్టూ ఊగుతుంది. కింద కాళ్లలా ఉండే రెండు పొడవాటి గొట్టాలే స్కిడ్‌లు. ఒక స్కిడ్ నేలకు తగలగానే లెక్క మారుతుంది. ఆ స్కిడ్డే ఇరుసు అవుతుంది. ఇక యంత్రం పక్కకు ఊగితే ఆ ఇరుసు మీదుగానే ఊగుతుంది.

ఈ స్థితిలో మూడు కలిస్తే బోల్తా పడుతుంది: నేలకు తగిలి ఉన్న ఇరుసు, పక్కకు దొర్లే కదలిక, యంత్రం బరువును మించే లిఫ్ట్ (పైకి లేపే బలం). దీన్నే డైనమిక్ రోలోవర్ అంటారు. దొర్లుడు వేగం అందుకున్నాక సైక్లిక్‌ను (రోటర్‌ను అటూ ఇటూ వంచే కర్రను) ఎదురు వైపు ఎంత తోసినా లాభం ఉండదు. కలెక్టివ్ (లిఫ్ట్‌ను పెంచే, తగ్గించే ఎడమ చేతి లివర్) పైన ఉన్నంతసేపు రోటర్ బలమే దాన్ని తిప్పేస్తూ ఉంటుంది.

ఆగి ఉన్న హెలికాప్టర్‌ను పక్కకు వంచుతూ పోతే చాలా రకాల్లో దాదాపు 30 డిగ్రీల దాకా పడిపోదు. రోటర్ లాగుతూ, దొర్లుడు వేగం కూడా ఉంటే అంత దాకా రానవసరం లేదు, కొద్ది డిగ్రీల్లోనే చేయి దాటిపోతుంది. విద్యార్థి మొదట నమ్మని విషయం ఇదే. "ఇంకా కొంచెమే కదా వంగింది" అనుకుంటూ కలెక్టివ్ పైనే ఉంచుతాడు.

అందుకే ఈ వ్యాసమంతా కొన్ని సెకన్ల గురించే: ఒక స్కిడ్ నేల మీద, ఒక స్కిడ్ గాల్లో ఉండే ఆ కొన్ని సెకన్లు. అప్పుడు హెలికాప్టర్ ఎగురుతున్నట్టూ కాదు, నిలిచినట్టూ కాదు.

ఎటు వైపు ఎక్కువ ప్రమాదం అన్నది రోటర్ తిరిగే దిశను బట్టి ఉంటుంది. పైనుంచి చూస్తే బెల్, రాబిన్సన్ రకాల్లో ప్రధాన రోటర్ గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది. వాటిలో టెయిల్ రోటర్ (తోక చివరి చిన్న రోటర్) యంత్రాన్ని కుడికి నెడుతుంది. కాబట్టి కుడి స్కిడ్ ఇరుసు అయితే ఎక్కువ జాగ్రత్త కావాలి. ఎడమ నుంచి గాలి, కుడి సీట్లో పైలట్ ఒక్కడే కూర్చున్న బరువు, కుడి వైపు మెరక, ఈ మూడూ ఒకేసారి వస్తే అన్నీ ఒకే దిక్కుకు తోస్తాయి. చీతా, హెచ్125 లాంటి వాటిలో రోటర్ గడియారం దిశలోనే తిరుగుతుంది. వాటికి ఎడమ స్కిడ్, కుడి గాలి అని తిప్పి చదువుకోండి.

2. నేల సిద్ధం చేసేవాళ్లకు

పైలట్లు కూడా ఈ భాగాన్ని దాటవేయవద్దు. కింద ఉన్నవాళ్లను ఏం అడగాలో ఇందులోనే ఉంది.

2.1 వాలు కొలవడం

"సార్, గ్రౌండ్ సాఫ్‌గానే ఉంది" అనే మాటను కొలతగా తీసుకోవద్దు. కంటికి మూడు డిగ్రీల వాలు వాలులా కనిపించదు.

ముందు ఆ చేను రైతును అడగండి. నేను ఎప్పుడూ అడిగే ప్రశ్న ఒక్కటే: "పెద్దాయనా, ఈ చెలకల నీళ్లు ఎటు పారతయ్?" ఆయన వెంటనే "గా తుమ్మచెట్టు దిక్కు" అని చెయ్యి చూపిస్తాడు. ఏళ్ల తరబడి నీళ్లు చూసిన కన్ను అది. దానితో మెరక ఎటో, పల్లం ఎటో తేలిపోతుంది.

తర్వాత అంకె కావాలి. మేస్త్రీలు మట్టం చూసే నీళ్ల పైపు చాలు. రైతు చూపించిన దిక్కుగా 10 మీటర్ల దూరంలో రెండు కట్టెలు పాతి, పైపులో నీటి మట్టం ఎక్కడ నిలిచిందో రెండింటి మీదా గీత పెట్టండి. గీత నుంచి నేల దాకా కొలవండి. రెండు కొలతల తేడాయే వాలు.

- తేడా 20 సెంటీమీటర్లు: 2 శాతం వాలు. శాశ్వత హెలిపోర్ట్‌లో దిగే చోటుకు అంతర్జాతీయ ప్రమాణం ఒప్పుకునే గరిష్ఠం ఇంతే. మన పని సులువు.
- తేడా 52 సెంటీమీటర్లు: 3 డిగ్రీలు. వాలు మీద దిగే పద్ధతి తప్పనిసరి.
- తేడా 87 సెంటీమీటర్లు: 5 డిగ్రీలు. మామూలుగా చాలా హెలికాప్టర్లకు ఇదే పై హద్దు.
- అంతకు మించితే: వేరే చేను చూడండి.

ఇక్కడ ఒక తికమక ఉంది. రోడ్లు వేసేవాళ్లు వాలును శాతంలో చెప్తారు, పైలట్లు డిగ్రీల్లో వింటారు. 5 శాతం అంటే 3 డిగ్రీల లోపే. 5 డిగ్రీలంటే దాదాపు 9 శాతం. ఫోన్లో అంకె చెప్పేటప్పుడు పక్కన "డిగ్రీలు" అనో "శాతం" అనో తప్పకుండా అనండి.

ఫోన్ యాప్‌తో కొలిచేవాళ్లు ఫోన్‌ను నేల మీద పెట్టొద్దు. కింద చిన్న గులకరాయి ఉన్నా అంకె మారిపోతుంది. రెండు మీటర్ల చెక్క పలకను నేలకు ఆనించి, దాని మీద ఫోన్ పెట్టండి. అలా నాలుగైదు చోట్ల కొలిచి అన్నింటిలోకి పెద్ద అంకెను లెక్కలోకి తీసుకోండి.

2.2 నేల రకం

వాలు ఒకటే అయినా నేల మారితే స్కిడ్ ప్రవర్తన మారుతుంది.

ఎర్ర చెలక: గట్టిగానే ఉంటుంది, ఎండాకాలం దుమ్ము విపరీతం. ముందు రోజు సాయంత్రం ఒకసారి, రాకకు గంట ముందు ఒకసారి ట్యాంకర్‌తో తడపండి. దిగే చోటు ఒక్కటే తడిపి వదిలేయకండి, చుట్టూ 30 మీటర్ల దాకా తడపాలి. దుమ్ము లేస్తే పైలట్‌కు నేల కనిపించదు. నేల కనిపించకపోతే పక్కకు జారుతున్నదీ తెలియదు. వాలు మీద పక్కకు జారుతూ స్కిడ్ తగిలిందంటే మొదటి భాగంలో చెప్పినదంతా ఒకేసారి జరుగుతుంది.

నల్ల రేగడి: దీనికి ఉల్టా. ఎక్కువ తడిపితే బంకగా మారి స్కిడ్‌ను పట్టేసుకుంటుంది. లేచేటప్పుడు ఒక స్కిడ్ వదిలి ఒకటి వదలకపోతే అదే ఇరుసు. రేగడిలో దుమ్ము అణగడానికి పైపైన చల్లితే చాలు. వాన పడ్డ మర్నాడు రేగడి చేను అసలు వద్దు.

బండ: గుట్టల దగ్గర పరుపులా పరిచిన రాతి బండ కనిపిస్తే అందరికీ ఆశ పుడుతుంది. దుమ్ము ఉండదు, గట్టి నేల, బాగుంటుందనుకుంటారు. లోహపు స్కిడ్ బండ మీద పల్లం వైపు జారుతుంది. జారుతూ పోయి ఒక పగులు అంచుకు తగిలి ఆగుతుంది. అలా ఆగడమే ప్రమాదం.

పత్తి, కంది కోసిన చేను: మొదళ్లు మిగిలి ఉంటాయి. స్కిడ్ గొట్టం వాటి కింద దూరితే కొక్కెం తగిలించినట్టే. ఎండిన కంది మొదలు ఎంత గట్టిదో పీకి చూసినవాళ్లకు తెలుసు. కోసేస్తే సరిపోదు, వేళ్లతో తీసి గుంత పూడ్చి తొక్కించాలి.

2.3 చుట్టుపక్కల

ఎక్కువగా కొంప ముంచేవి తీగలు. మన జిల్లాల్లో బోరు లేని చేను అరుదు, బోరు ఉందంటే మోటారుకు తీగ ఉంటుంది. పైనుంచి సన్నటి తీగ కనిపించదు, స్తంభం కనిపిస్తుంది. ప్రతి స్తంభం ఎక్కడుందో, తీగ ఎటు నుంచి ఎటు పోతుందో కాగితం మీద గీసి పైలట్‌కు ముందే పంపండి.

నేల బృందం చూసుకోవాల్సినవి:

- వాలు కొలిచి, మెరక దిక్కు రాసి పెట్టాం
- కంది, పత్తి మొదళ్లు, పిడికెడు కంటే పెద్ద రాళ్లు తీసేశాం
- ఫ్లెక్సీలు, జెండాలు, షామియానా గుడ్డలు, ఖాళీ సంచులు దూరంగా పెట్టాం
- గాలి దిశ చూపే గుడ్డ కట్టాం, దిగే చోటుకు అడ్డం కాకుండా
- జనం, మేకలు, కుక్కలు రాకుండా తాడు కట్టాం. మెరక వైపు మనిషి ఒక్కడూ లేడు
- నేల తడిపాం, బురద చేయలేదు
- పైలట్‌తో మాట్లాడే మనిషి ఒక్కడే. పదిమంది చేతులు ఊపడం లేదు

చివరిది నవ్వులాటకు రాయలేదు. ఊళ్లో అందరూ చేతులు ఊపుతారు. పైలట్ ఎవరిని చూడాలి?

3. బయలుదేరే ముందు: ఎండ, బరువు

మహబూబ్‌నగర్ సముద్ర మట్టానికి దాదాపు 500 మీటర్ల ఎత్తులో ఉంది. ఆ ఎత్తుకు ప్రామాణిక ఉష్ణోగ్రత 12 డిగ్రీలు. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీలు ఉందనుకోండి. తేడా 30. వేడి గాలి పలచన, అంటే ఎత్తు పెరిగినట్టే; అందుకే ఒక్కో డిగ్రీకి సుమారు 120 అడుగుల చొప్పున 3,600 అడుగులు కలపాలి. నేల ఎత్తు 1,640 అడుగులు. మొత్తం 5,200 అడుగుల పైమాటే. అంటే మీ హెలికాప్టర్ పాలమూరు చెలకలో ఉన్నా, దాని ఇంజిన్‌కూ రోటర్‌కూ మాత్రం 5,200 అడుగుల కొండ మీద ఉన్నట్టే.

వాలు మీద దిగడానికి మామూలు కంటే ఎక్కువసేపు గాల్లో ఒకే చోట నిలిచి, అంటే హోవర్‌లో ఉండాలి. రెండు ప్రయత్నాలు కావచ్చు. కాబట్టి పవర్ మిగులు బాగా ఉండాలి. నా పద్ధతి ఇది: ఎండాకాలం ఉదయం 10 లోపే ఈ పని ముగించాలి, ఇంధనం అవసరానికి మించి పోయించుకోకూడదు, ప్రయాణికులను ఒకే వైపు కూర్చోబెట్టకూడదు.

4. పైనుంచి చూడటం

నేరుగా వెళ్లి దిగవద్దు. ముందు ఎత్తు నుంచి ఒక చుట్టు, తర్వాత కొంచెం దిగి ఒక చుట్టు. చూడాల్సినవి ఐదు: చోటు సైజు, ఆకారం, చుట్టుపక్కల అడ్డంకులు, నేల రకం, వాలు. వాలును చివర చెప్పాను, ఎందుకంటే పైనుంచి చూస్తే వాలు దాదాపు తెలియదు. పక్క నుంచి తక్కువ ఎత్తులో వెళ్తే కొంత తెలుస్తుంది. చేను గెట్లు మెట్లు మెట్లుగా ఉంటే అటు వాలుందని అర్థం. చెరువు ఎటు ఉందో చూడండి, నేల సాధారణంగా అటే వాలుతుంది.

గాలి ఎదురుగా ఉంటే మేలు. పక్క గాలి తప్పకపోతే ఇది గుర్తుంచుకోండి: మెరక వైపు నుంచి వచ్చే గాలికి నిలబడటానికే సైక్లిక్‌ను మెరక వైపు కొంత వాడేస్తారు. అప్పుడు దిగేటప్పుడు వాడుకోవడానికి మిగిలేది తక్కువ. పల్లం వైపు నుంచి వచ్చే గాలి యంత్రాన్ని మెరక స్కిడ్ మీదుగా నెడుతుంది. రెండింటిలోనూ మీ హద్దు 5 డిగ్రీల కంటే కిందకు వస్తుంది.

5. దించడం

ముక్కును వాలుకు అడ్డంగా పెట్టండి. ఒక స్కిడ్ మెరక వైపు, ఒకటి పల్లం వైపు. ముక్కు పల్లం వైపు పెడితే వెనక తోక మెరక నేలకు దగ్గరవుతుంది, టెయిల్ రోటర్ తగులుతుంది. ఆ పొరపాటు ఎప్పుడూ చేయొద్దు.

1. దిగే చోటు మీద మీటరు ఎత్తులో హోవర్ నిలపండి. పూర్తిగా నిలిచేదాకా కిందకు రావొద్దు. వాలు మీద రోటర్ గాలి పల్లం వైపు జారిపోతుంది కాబట్టి యంత్రం కూడా అటు జరగాలని చూస్తుంది. ఆ జరుగుడును ముందు ఇక్కడే ఆపాలి.

2. చూపును 15, 20 మీటర్ల ముందు పెట్టండి. స్కిడ్ వైపు వంగి చూస్తే చేయి కూడా అటే వంగుతుంది.

3. కలెక్టివ్‌ను చాలా నెమ్మదిగా దించండి. మెరక స్కిడ్ ముందు తగులుతుంది. తగిలినట్టు ఒంటికి తెలుస్తుంది.

4. ఇక్కడ ఆగండి. ఒక్క ఊపిరి. ముక్కు దిశ మారలేదు కదా, పక్కకు జారడం లేదు కదా. రెండింట్లో ఏది జరుగుతున్నా తిరిగి పైకి. ముక్కును తిప్పేవి కాలి కింది పెడల్స్. పెడల్స్‌తో దిశను అలాగే పట్టి ఉంచండి. ఒక స్కిడ్ తగిలి ఉండగా తిరగడం అంటే ఇరుసును మెలితిప్పడమే.

5. ఇప్పుడు రెండు చేతుల పని కలిసి సాగాలి. కలెక్టివ్ కొంచెం దించితే, సైక్లిక్ కొంచెం మెరక వైపు. మళ్లీ కొంచెం, మళ్లీ కొంచెం. మెరక స్కిడ్ నేలకు ఆనుకునే ఉండాలి. యంత్రం వంగుతున్నా రోటర్ చక్రం దాదాపు సమతలంగా ఉంటుంది. సైక్లిక్ చేసే పని అదే.

6. పల్లం స్కిడ్ తగిలేలోపే సైక్లిక్ చివరికి చేరిందా? అయితే ఈ వాలు మీకు ఎక్కువ. పట్టుదల వద్దు. కలెక్టివ్ నెమ్మదిగా పెంచి, యంత్రాన్ని సమం చేసి, లేచి వేరే చోటు చూడండి.

7. పల్లం స్కిడ్ తగిలాక కూడా కలెక్టివ్ దించడం అదే నిదానంలో కొనసాగించండి. చాలామంది ఇక్కడ "అయిపోయింది" అనుకుని ఒక్కసారిగా వదిలేస్తారు. అప్పుడే యంత్రం పల్లం వైపు జారుతుంది.

8. కలెక్టివ్ పూర్తిగా కిందకు చేరేదాకా రోటర్ ఆర్‌పీఎం పూర్తిగా ఉంచండి. లేవాల్సి వస్తే ఆ ఆర్‌పీఎం కావాలి.

9. సైక్లిక్‌ను నిదానంగా మధ్యకు తెండి. తెస్తుండగా యంత్రం కదిలినా, జారినా, వంగినా మళ్లీ లేవండి. అది నిలిచే చోటు కాదు.

10. అంతా కుదురుగా ఉందని నమ్మకం కలిగాకే ఆర్‌పీఎం తగ్గించండి. కొన్ని సెకన్లు ఎక్కువ ఆగితే నష్టమేం లేదు.

కలెక్టివ్ కింద పెట్టి సైక్లిక్‌ను మరీ ఒక వైపు పట్టి ఉంచడం మంచిది కాదు. బెల్ 206, రాబిన్సన్ లాంటి రెండు రెక్కల రోటర్లలో హబ్ (రెక్కలు కలిసే నడిమి భాగం) వెళ్లి, రోటర్‌ను తిప్పే నిలువు గొట్టమైన మాస్ట్‌కు తగిలే ప్రమాదం ఉంది. ఎక్కువ రెక్కలున్న కొన్ని రకాల్లో రెక్కలు స్టాపులకు (వాటి కదలికను ఆపే అడ్డులకు) కొట్టుకుంటూ టకటకమంటాయి. ఆ చప్పుడు వింటే సైక్లిక్ మధ్యకు రావాలని అర్థం.

దిగాక కృత్రిమ హొరైజన్ పరికరం చూడండి. అది చూపించే వంపే మీరు దిగిన అసలు వాలు. నేల బృందం చెప్పిన అంకెతో పోల్చుకోండి. ప్రతిసారీ ఇలా చేస్తే కొన్నాళ్లకు మీ కన్ను నిక్కచ్చిగా అంచనా వేస్తుంది.

6. మనుషులు దిగడం, ఎక్కడం

ఎప్పుడూ పల్లం వైపు నుంచే. ఇందులో మినహాయింపు లేదు.

రెక్క పొడవు 5 మీటర్ల పైన ఉండే హెలికాప్టర్‌లో, 5 డిగ్రీల వాలు మీద రోటర్ చక్రం సమతలంగా ఉంటే, మెరక వైపు రెక్క కొస నేలకు దాదాపు అర మీటరు దగ్గరవుతుంది. మెరక మీది నుంచి కిందకు నడిచి వచ్చే మనిషి తల ఆ రెక్కకు ఎదురొస్తుంది. పూలదండ పట్టుకుని ముందు పరిగెత్తేవాడికి ఇది తెలియదు. అతన్ని ఆపే మనిషి ముందే అక్కడ ఉండాలి.

తోక వైపు ఎవ్వరూ వెళ్లకూడదు. టోపీ, తువ్వాల, చున్నీ గట్టిగా పట్టుకోవాలి. పొడవాటి కర్ర, జెండా భుజం మీద పెట్టుకుని రాకూడదు, అడ్డంగా నడుము ఎత్తులో పట్టుకోవాలి.

రోటర్ తిరుగుతుండగా మనుషులు దిగితే బరువు మారుతుంది. పల్లం వైపు కూర్చున్నవాళ్లు దిగిపోయి మెరక వైపు బరువు మిగిలితే, లేచేటప్పుడు సైక్లిక్ దిగినప్పుడు ఉన్న చోట సరిపోదు. ఒకరి తర్వాత ఒకరిని దింపండి. యంత్రం కదిలితే ఆపండి.

7. లేపడం

దించిన వరుసను వెనక నుంచి చదివితే లేపడం వస్తుంది. తొందర మాత్రం ఇక్కడే ఎక్కువ ఉంటుంది, ఎందుకంటే దిగిన పని అయిపోయి అందరికీ వెళ్లాలని ఉంటుంది.

- ఆర్‌పీఎం పూర్తిగా ఉంది
- గాలి మారలేదు (దిగినప్పుడు పొద్దున, లేచేది మధ్యాహ్నం కావచ్చు; మళ్లీ చూడండి)
- స్కిడ్‌లు మట్టిలో దిగబడలేదు, మొదలుకు తట్టుకోలేదు. కింద ఉన్న మనిషి వంగి చూసి చెప్పాడు
- మెరక వైపు ఖాళీ

సైక్లిక్‌ను మెరక వైపు తీసుకెళ్లండి, దిగినప్పుడు ఎంత వాడారో సుమారు అంత. కలెక్టివ్ నెమ్మదిగా పెంచండి. పల్లం స్కిడ్ ముందు లేవాలి. అది లేస్తూ యంత్రం సమం అవుతుంటే సైక్లిక్‌ను దానితో పాటే మధ్యకు తెస్తూ రండి.

సమం అయిన క్షణంలో మెరక స్కిడ్ ఇంకా నేల మీదే ఉంటుంది. ఇక్కడ మళ్లీ ఆగండి. యంత్రం రెండు వైపులా సమంగా ఉంది, సైక్లిక్ హోవర్ చోటికి వచ్చింది అనిపించాకే నిట్టనిలువుగా లేపండి. మీటరు ఎత్తు దాటేదాకా పక్కకు కదలొద్దు. తోకను మెరక వైపు తిప్పొద్దు.

కలెక్టివ్ పెంచగానే మెరక స్కిడ్ ముందు లేచిందా? అంటే సైక్లిక్ సరిపోలేదు, యంత్రం పల్లం వైపు దొర్లబోతోంది. పల్లం స్కిడ్ సమం దాటి ఇంకా పైకి వస్తోందా? సైక్లిక్ మెరక వైపు ఎక్కువైంది, మెరక మీదుగా దొర్లబోతోంది. మందు రెండింటికీ ఒకటే, కింద రాశాను.

8. దొర్లుతున్నట్టు అనిపిస్తే

కలెక్టివ్ దించండి. మొదటి పని అదే. లిఫ్ట్ పోతే దొర్లించే బలం పోతుంది, బరువు యంత్రాన్ని మళ్లీ నేల మీద కూర్చోబెడుతుంది.

దించడం నున్నగా, ఆలస్యం లేకుండా ఉండాలి. ఒక్కసారిగా కిందకు కొట్టొద్దు. మెరక మీదుగా వంగిన యంత్రాన్ని అలా వదిలితే పల్లం స్కిడ్ దబ్బున నేలకు తగిలి, ఎగిరి, ఈసారి పల్లం వైపు దొర్లుతుంది. ఒక ప్రమాదం తప్పించబోయి రెండోది తెచ్చుకోవడమే.

వంపు 5 డిగ్రీలు దాటుతుంటే ఆలోచించే సమయం ఉండదు. అందుకే చేతికి ముందే అలవాటు చేయాలి.

నాకు ఒకసారి దేవరకొండ వైపు ఒక చేనులో ఇది ఎదురైంది. వాలు మూడు డిగ్రీలే. దిగడం హాయిగా దిగాను. లేచేటప్పుడు పల్లం స్కిడ్ లేచింది, యంత్రం సమం అయింది, నేను ఆగకుండా పైకి లాగాను. మెరక స్కిడ్ వెనక భాగం ఒక కంది మొదలు కింద దూరి ఉంది. యంత్రం మెరక వైపుకు ఒక్క జర్కు ఇచ్చింది. ఎడమ చెయ్యి తనంతట తానే కిందకు పోయింది, నేను ఆలోచించి చేసింది కాదది. దిగి చూస్తే మొదలు బొటనవేలంత లావు. ఆ ఆగమన్న క్షణం ఆగి ఉంటే, కింద ఉన్న మనిషిని ఒకసారి చూడమని ఉంటే, ఆ టెన్షన్ ఉండేది కాదు.

9. తరచూ జరిగే తప్పులు, దిద్దుకునే పద్ధతి

పల్లం స్కిడ్ ముందు తగిలించడం. హోవర్ సరిగ్గా నిలవక ముందే కిందకు వస్తే జరుగుతుంది. దిద్దుబాటు: మీటరు ఎత్తుకు లేచి, మళ్లీ మొదటి మెట్టు నుంచి.

సైక్లిక్‌ను ముందే మెరక వైపు పెట్టేయడం. స్కిడ్ తగలకముందే అలా చేస్తే యంత్రం మెరక వైపు జారుతూ తగులుతుంది. స్కిడ్ తగిలాకే, కలెక్టివ్ దిగేకొద్దీ.

మెరక స్కిడ్ తగిలి మళ్లీ లేచి మళ్లీ తగలడం. కలెక్టివ్ చేయి వణుకుతోందన్నమాట. మోచేతిని తొడకు ఆనించి, వేళ్లతో మాత్రమే దించండి. నా విద్యార్థుల్లో ఎక్కువ మందికి ఈ ఒక్క చిట్కాతో కుదిరింది.

పెడల్ మర్చిపోవడం. కలెక్టివ్ దిగుతుంటే ముక్కు పక్కకు తిరగాలని చూస్తుంది. దూరంగా ఒక చెట్టునో స్తంభాన్నో గుర్తు పెట్టుకుని ముక్కు దాని మీదే ఉండేలా చూడండి.

మూడు ప్రయత్నాలు విఫలమైనా నాలుగోది చేయడం. కింద జనం చూస్తున్నారు, పెద్దమనుషులు ఎదురుచూస్తున్నారు అనే ఒత్తిడి దీనికి కారణం. రెండు ప్రయత్నాలే నా హద్దు. ఆ తర్వాత చోటు మార్చడమో, వెనక్కి వెళ్లడమో.

10. సాధన వరుస

ముందు చదును నేల మీద. హోవర్ నుంచి కావాలని ఒక స్కిడ్ మాత్రమే తగిలించి, అక్కడ ఐదు సెకన్లు పట్టి, మళ్లీ లేవండి. ఎడమ పదిసార్లు, కుడి పదిసార్లు. రెండు వైపులా చేయి ఒకేలా పనిచేయదని అప్పుడే తెలుస్తుంది.

తర్వాత 2 డిగ్రీల వాలు, గాలి ఎదురుగా, ఇన్‌స్ట్రక్టర్‌తో. పూర్తిగా దించకుండా ఆరో మెట్టు దాకా వెళ్లి తిరిగి లేవడం సాధన చేయండి. దిగడం మానుకుని లేవడం కూడా చేతికి రావాలి.

ఆపై 3 డిగ్రీలు, పూర్తి దింపుడు. మెరక ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి. పక్క గాలి అప్పుడే కలపండి, అంతకుముందు వద్దు.

5 డిగ్రీలకు వచ్చేటప్పుడు హెలికాప్టర్ తేలికగా ఉండాలి, పొద్దున చల్లగా ఉండాలి, నేల మీరు స్వయంగా నడిచి చూసినదై ఉండాలి. ఆ రోజు దిగాక హొరైజన్ పరికరం చూపిన అంకె, గాలి, బరువు, సైక్లిక్ ఎంత మిగిలింది అన్నది లాగ్‌బుక్ చివరి పేజీలో రాసుకోండి.